కారవాన్‌కు అంటిన పాలిష్: రుద్దుకోవాలా, పెయింట్ వేయించాలా?

తిరుపతి నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరమే రాశారు. సారాంశం ఇది. ఆయన, వాళ్ల బావ (అక్క భర్త) కలిసి ఒక పాత టెంపో ట్రావెలర్ కొని, లోపల పడకలు, చిన్న వంటగది, బాత్రూమ్ కట్టించి కారవాన్‌గా మార్చుకున్నారు. పెట్టుబడి చెరిసగం. తలకోన, హార్సిలీ హిల్స్, అరుణాచలం వెళ్లే కుటుంబాలకు బాడుగకు ఇస్తుంటారు. బండి తెల్లది. కింది అంచులకు, చక్రాల చుట్టూ గరుకు నల్ల ప్లాస్టిక్ ఉంది. కిటికీల చుట్టూ నల్ల రబ్బరు బీడింగ్.

సెలవులకు ఇంటికొచ్చిన మేనల్లుడు బండికి పాలిష్ పడతానన్నాడు. వీడియోలు చూశాడు, మెషిన్ బాడుగకు తెచ్చుకున్నాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో బండంతా ఒకేసారి కాంపౌండ్, పాలిష్ పట్టించి అన్నానికి లోపలికెళ్లాడు. తిరిగొచ్చేసరికి అంతా ఎండి బిగుసుకుపోయింది. తెల్ల పెయింట్ మీద చేతులు పడిపోయేలా తుడిస్తే పోయింది. నల్ల ప్లాస్టిక్ మీద మాత్రం సున్నం చేతులు పెట్టినట్టు అచ్చులు ఉండిపోయాయి. వాటర్ సర్వీస్ చేయించినా కదల్లేదు. ఒక మెకానిక్ మాట విని డీజిల్ గుడ్డతో తుడిస్తే సాయంత్రానికి నలుపెక్కింది, కానీ రెండు రోజులకు దుమ్ము పట్టింది. కడిగేసరికి మళ్లీ తెలుపు తేలింది. ఇంకొకరు థిన్నర్ వాడమంటున్నారు.

ఈలోగా బావ పెయింటర్‌ను తీసుకొచ్చి చూపిస్తే, నల్ల భాగాలన్నిటికీ పెయింట్ కొట్టడానికి 14,000 రూపాయలు అడిగాడట. "సగం వాడి పాకెట్ మనీలో కోస్తా, సగం నీ వాటాలో పట్టుకుంటా" అన్నారట బావ. అబ్బాయి సెలవులు కాకముందే హాస్టల్‌కు వెళ్లిపోయాడు. అక్క ఫోన్ ఎత్తడం లేదు. ఉత్తరం చివర్లో ఆయన ఇంకో మాట కూడా రాశారు: "డబ్బాలు రెండూ తెచ్చిచ్చింది నేనే. బావకు ఆ సంగతి చెప్పలేదు." వచ్చే పౌర్ణమికి అరుణాచలం బుకింగ్ ఉంది. థిన్నర్ వాడొచ్చా, పెయింట్‌కు ఒప్పుకోవాలా, బావతో ఎలా మాట్లాడాలి అనేవి ఆయన ప్రశ్నలు.

సమాధానం:

థిన్నర్ డబ్బా మూత తీయకండి. పెయింటర్‌కు అడ్వాన్స్ కూడా ఇప్పుడే ఇవ్వకండి. కారణాలు వరుసగా చెబుతాను.

మీ ఇంట్లో గొడవంతా 14,000 అనే అంకె చుట్టూ తిరుగుతోంది. అది పెయింట్ ధర. మరక తీయడానికి ఎంతవుతుందో ఇంతవరకూ ఎవరూ లెక్క చూడలేదు. అబ్బాయి వల్ల బండికి జరిగిన నష్టం ఎంతో తేలకముందే, దాన్ని ఎవరి ఖాతాలో రాయాలని తగువు పడుతున్నారు. కాబట్టి ముందు మరక సంగతి చూద్దాం.

కాంపౌండ్‌లో గీతల్ని అరగదీసే మెత్తటి పొడి ఉంటుంది. పాలిష్‌లో మైనం ఉంటుంది. నున్నటి పెయింట్ మీద ఈ రెండూ పైపైనే కూర్చుంటాయి కాబట్టి గుడ్డకు వచ్చేస్తాయి. గరుకు ప్లాస్టిక్ సంగతి వేరు. సాయంత్రం చీకటి పడ్డాక ఫోన్ టార్చ్‌ను ప్లాస్టిక్‌కు ఆనించి అడ్డంగా వేసి చూడండి. అంతా సన్నని గుంటలు, గుట్టలు. పొడి గుంటల్లోకి దిగింది, మైనం దాని మీద మూతేసింది. గుడ్డతో ఎంత గట్టిగా రుద్దినా అది గుట్టల మీదుగా జారిపోతుందే తప్ప గుంటలోకి దిగదు. ప్రెషర్ నీళ్లకూ మైనం లొంగదు. అంటే మీ ప్లాస్టిక్ పాడవలేదు. నలుపు పైన పూసింది కాదు, ప్లాస్టిక్‌లోనే ఉంది. అది అలాగే ఉంది, పైన మూత ఉందంతే.

అయితే తెల్లగా కనిపించేదంతా పాలిష్ అనుకోకండి. పాత బండి కొన్నామన్నారు కాబట్టి ఈ అనుమానం. మన ఎండలకు నల్ల ప్లాస్టిక్ ఏళ్లు గడిచేకొద్దీ దానంతటదే వెలిసి బూడిద రంగుకు తిరుగుతుంది. అలా వెలిసిన రంగు ఎండ తగిలే వైపు ఎక్కువగా, ఒకే తీరుగా పరుచుకుని ఉంటుంది. బోరు నీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టే బండ్లకు ఇంకో రకం తెలుపు ఉంటుంది. అది నీరు కారిన దారుల్లో చారలుగా పడుతుంది, గోటికి గరగరలాడుతుంది, వెనిగర్ తడిపిన దూదితో రుద్దితే కరుగుతుంది. పాలిష్ మరక ఈ రెండింటిలా ఉండదు. పెయింట్, ప్లాస్టిక్ కలిసే అంచుల్లో గుమిగూడుతుంది. మెషిన్ ప్యాడ్ తగిలిన చోట వంపులు, చిమ్మిన చోట చుక్కలు కనిపిస్తాయి. బుకింగుల కోసం మీరు వాట్సాప్‌లో పంపిన పాత ఫొటోలు ఉంటాయి కదా, వాటిని పెద్దవి చేసి పోల్చి చూడండి. అప్పటికే బూడిద రంగులో ఉన్న ముక్కల్ని అబ్బాయి ఖాతాలోంచి కొట్టేయండి.

ఏ పరీక్ష చేసినా తడి మీద నిర్ణయించుకోవద్దు. తడిగా ఉన్నప్పుడు అన్ని మరకలూ మాయమవుతాయి. డీజిల్ గుడ్డతో జరిగిందీ అదే. డీజిల్ గుంటల్ని తడిపి ఉంచినంత సేపు నలుపు కనిపించింది, మైనం కొంచెం మెత్తబడింది కూడా. కానీ మెత్తబడినదాన్ని బ్రష్‌తో లేపి సబ్బుతో కడిగేయలేదు కాబట్టి అక్కడే మళ్లీ కూర్చుంది. పైగా జిడ్డుకు దుమ్ము తోడైంది. కిటికీ రబ్బర్లకు కూడా డీజిల్ పూసి ఉంటే వెంటనే సబ్బు నీళ్లతో కడిగేయండి. బండ్ల కిటికీలకు, తలుపులకు వాడే రబ్బరు ఎక్కువగా ఈపీడీఎం రకం. ఎండకూ వానకూ ఏళ్ల తరబడి తట్టుకుంటుంది గానీ పెట్రోలు, డీజిల్, కిరోసిన్ తగిలితే ఉబ్బి వదులవుతుంది.

ఇక థిన్నర్. మామూలు టెంపో అయితే ఇంతగా భయపెట్టేవాణ్ని కాదేమో. మీది కారవాన్. పైకప్పు మీద వెలుతురు కోసం పెట్టిన మూత, కొన్ని బండ్లలో పక్క కిటికీలు కూడా, గాజువి కాదు, యాక్రిలిక్ అనే పారదర్శక ప్లాస్టిక్‌వి. యాక్రిలిక్‌కు థిన్నర్ గానీ పెట్రోల్ గానీ స్పిరిట్ గానీ తగిలితే సన్నని పగుళ్లు అల్లుకుంటాయి. వాటిని మళ్లీ తుడిచేయలేం, షీటు మార్చడమే. ప్యానెళ్లు కలిసే చోట నీళ్లు దిగకుండా పెట్టిన సీలెంట్ గీతల్ని కూడా థిన్నర్ తినేస్తుంది. నల్ల ప్లాస్టిక్‌కు ఆనుకుని ఉన్న తెల్ల పెయింట్‌నూ, స్టిక్కర్లనూ లేపుతుంది. వెనక గోవింద నామాల స్టిక్కర్ ఉంటే ముందు పోయేది అదే.

మరి ఏం చేయాలి? మెత్తని పద్ధతితో మొదలుపెట్టి, పని కాని చోట మాత్రమే ఒక మెట్టు పైకెళ్లాలి. బండిని నీడలో పెట్టి, ప్లాస్టిక్ చేతికి చల్లగా తగిలేదాకా ఆగండి. పాలిష్ ఇంతగా బిగుసుకుపోవడానికి కాలిన బాడీయే కారణం, తీసేటప్పుడు కూడా అదే తప్పు జరగకూడదు. మొదట గోరువెచ్చటి నీళ్లలో కార్ షాంపూ కలిపి, పాత టూత్‌బ్రష్‌తో జానెడు జానెడుగా రుద్దండి. బ్రష్ కుచ్చు గుంటలోకి దిగుతుంది, గుడ్డ చేయలేనిది అదే. చిన్న చుక్కలు, అంచుల మరకలు చాలావరకు ఇక్కడే పోతాయి. అవి ఆరాక మిగిలినవాటి మీద స్కూలు పిల్లల తెల్ల రబ్బరు ప్రయత్నించండి. నమ్మకం కలగదు గానీ, ఎండిన పాలిష్‌ను ఆ రబ్బరు బాగానే లాగేస్తుంది. ఏ రసాయనమూ లేదు కాబట్టి కిటికీ బీడింగ్ మీద కూడా నిశ్చింతగా వాడొచ్చు. రుద్దుతుంటే బూడిద రంగు తరకలు రాలుతాయి, వాటిని ఎప్పటికప్పుడు దులిపేయాలి.

మొండి మరకలకు మన చిత్తూరు వైపు ప్రతి ఇంట్లో ఉండే మందు ఒకటుంది: చెనిక్కాయల (వేరుశనగ) నూనె. బయటి దేశాల్లో బండ్లవాళ్లు దీనికోసం డబ్బా కొని పీనట్ బటర్ రాస్తారు. అందులో పనిచేసేది నూనే. ఆ ముద్దలోని సన్నని పలుకులు కొంచెం గీకుడుకు పనికొస్తాయి. మీరు కావాలంటే వేయించిన చెనిక్కాయలు మెత్తగా నూరి వాడుకోవచ్చు, లేదా ఉట్టి నూనె చాలు. గరుకు ప్లాస్టిక్ మీద పూసి పది నిమిషాలు వదిలేయండి. మైనం నూనెలో మెత్తబడుతుంది. బ్రష్‌తో గుండ్రంగా రుద్దితే తెల్లటి పొడి నూనెలో తేలుతుంది. దాన్ని గుడ్డతో ఎత్తేసి, వెంటనే గిన్నెలు కడిగే లిక్విడ్‌తో కడగాలి. ఈ కడుగుడు మానేస్తే డీజిల్ కథే మళ్లీ. నూనెను రబ్బరు బీడింగ్‌కు మాత్రం తగలనివ్వకండి, దానికి నూనెలు పడవు.

అప్పటికీ పోని చోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే స్పిరిట్ వాడాలి. దానికి సమానంగా డిస్టిల్డ్ వాటర్ కలిపి, అంటే బ్యాటరీల్లో పోసే నీళ్లే, గుడ్డకు తడి చేసుకుని తుడవండి. బండి మీద నేరుగా చిమ్మొద్దు. యాక్రిలిక్ కిటికీ పక్కన దీన్ని అసలు వాడొద్దు. మీ కిటికీ గాజో కాదో తెలియకపోతే మూలలో చూడండి, గట్టి గాజుకు చిన్న అక్షరాల ముద్ర ఉంటుంది. ముద్ర కనిపించకపోతే యాక్రిలిక్ అనుకునే జాగ్రత్త పడండి. ఆల్కహాల్‌కు మంట అంటుకుంటుంది కాబట్టి ఆ పని జరుగుతున్నంత సేపు లోపల గ్యాస్ స్టవ్ వెలిగించొద్దు.

వేడి గాలి కొట్టే హీట్ గన్ వీడియోలు చాలా తిరుగుతుంటాయి. వెలిసిన ప్లాస్టిక్‌ను కాస్త కాలిస్తే నలుపు తిరిగొస్తుందనేది నిజమే, కొన్నాళ్లపాటు. మీ మరకకు మాత్రం అది పనికిరాదు. మైనం కరుగుతుంది గానీ పొడి కరగదు, ఇంకా లోపలికి దిగుతుంది. ఈ ప్లాస్టిక్ దాదాపు 160 డిగ్రీలకే కరుగుతుంది, హీట్ గన్ అంతకన్నా చాలా ఎక్కువ వేడి ఇస్తుంది. గరుకు ఒకసారి కరిగి నున్నబడితే ఏ షాపువాడూ తిరిగి తేలేడు. ఇంట్లో గిన్నెల మరకలకు వాడే తెల్ల మెలమైన్ స్పాంజ్ గరుకు ప్లాస్టిక్‌కు ఫరవాలేదు. మెరిసే నల్ల ప్లాస్టిక్ ఉంటే దాని మీద వాడొద్దు, మెరుపు పోతుంది.

తెల్ల బాడీ మీద పసుపుపచ్చటి చారలు కూడా ఉన్నాయని మధ్యలో రాశారు. కాణిపాకంలోనో అలిపిరిలోనో బండికి పూజ చేయించి ఉంటారు. అది పసుపు. దానికి ఏమీ చేయక్కర్లేదు, ఎండే దాని రంగు విరిచేస్తుంది.

ఈ పనంతా చేతులతో చేయాలంటే విసుగు పుడుతుందని ముందే చెబుతున్నాను. ఖర్చు కొన్ని వందలు. శ్రమ మాత్రం ఒక పూటతో తేలేది కాదు. మీకు అంత తీరిక లేకపోతే బండ్లను శుభ్రం చేసి మెరుగుపెట్టే డీటెయిలింగ్ షాపుకు ఇవ్వొచ్చు. అప్పుడు "ఎంత?" అని కాకుండా "ఏం వాడతారు?" అని ముందు అడగండి. "డ్రెస్సింగ్ కొట్టి నల్లగా చేసేస్తాం" అంటే వెనక్కి వచ్చేయండి. డ్రెస్సింగ్ అంటే పైన పూసే మెరుపు ద్రవం, మీ డీజిల్‌కు వాసన లేని రూపం, నాలుగు వానలకు మరక తేలుతుంది. వెనక చక్రం పైన ఒక మూల శుభ్రం చేసి, కడిగి, ఆరబెట్టి చూపిస్తేనే మిగతా పని ఒప్పుకోండి.

పెయింట్ గురించి నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను. మరక తప్పించుకోవడానికి పెయింట్ వేయించడంలో అర్థం లేదు, ఎందుకంటే పెయింట్ వేయాలన్నా ముందు ఈ మైనం తీయాల్సిందే. మైనం మీద కొట్టిన పెయింట్ గుంటలు పడి పొరలుగా లేస్తుంది. మైనం తీశాక నలుపు ఎలాగూ వస్తుంది, ఇక పెయింట్ ఎందుకు? ఒకవేళ ఎండకు వెలిసిన ముక్కలు నిజంగానే చూడబుద్ధి కానట్టుంటే, వాటి వరకు వేయించుకోవచ్చు. అప్పుడు పెయింటర్ ప్లాస్టిక్ ప్రైమర్ వాడతాడో లేదో కనుక్కోండి. ఈ రకం ప్లాస్టిక్ రంగును సులభంగా పట్టుకోదు. చక్రాల చుట్టూ ఉండే ముక్కలకైతే ప్రైమర్ వాడినా రాళ్ల దెబ్బలకు చిట్లుతుంది. ఒకసారి మొదలుపెడితే రెండేళ్లకోసారి కొట్టిస్తూ ఉండాలి. అద్దం తొడుగు లాంటి చిన్న ముక్కలకైతే పెయింట్ కన్నా కొత్తది కొనుక్కోవడమే నయం.

అసలు ఏమీ చేయకుండా ఉండటం కూడా ఒక దారే. బాడుగకు తీసుకునేవాళ్లు పడక ఎలా ఉంది, ఏసీ పనిచేస్తుందా, బాత్రూమ్ వాసన వస్తుందా అని చూస్తారు. అలిపిరి చెకింగ్ దగ్గర సామాన్లతో దిగి నిలబడ్డ కుటుంబం మీ చక్రం పైన మరకను పట్టించుకుంటుందని నేను అనుకోను. పౌర్ణమి బుకింగ్‌కు టెన్షన్ పడకండి. అంతలోపు ఎక్కే తలుపు చుట్టుపక్కల ఒక్క వైపు శుభ్రం చేసుకుంటే చాలు. మిగతాది తిరిగొచ్చాక తీరిగ్గా చేసుకోవచ్చు. కాకపోతే పాలిష్ ఎంతకాలం ఎండలో ఉంటే అంత మొండికేస్తుంది కాబట్టి నెలల తరబడి వదిలేయకండి.

ఇప్పుడు ఇంటి సంగతి. డబ్బాలు మీరే తెచ్చిచ్చారు, బావకు చెప్పలేదు. అబ్బాయి కూడా చెప్పినట్టు లేడు, చెప్పి ఉంటే బావ మాట ఇంకోలా ఉండేది. కానీ వాళ్లమ్మకు చెప్పకుండా ఉన్నాడా? అక్క ఫోన్ ఎత్తకపోవడానికి కారణం పాలిష్ అని నాకనిపించడం లేదు. కొడుకు మాటలు పడుతుంటే తమ్ముడు పక్కనే ఉండి నోరు మెదపలేదన్నదే ఆమె బాధ అని నా అనుమానం. ఇది తప్పయితే మంచిదే, కానీ కనుక్కోవాల్సింది మీరే.

బావకు చెప్పకుండా ఊరుకోవచ్చు. మరక పోతే గొడవ కూడా సద్దుమణగొచ్చు. అబ్బాయి మాత్రం మరిచిపోడు. రేపు ఏ పండక్కో మాటల్లో ఆ సంగతి బయటపడితే, బావకు మీ మీద వచ్చే కోపం ఇప్పటి 14,000కన్నా పెద్దది. ఉమ్మడి వ్యాపారంలో లెక్క తేడా వచ్చినా సర్దుకుంటారు, దాచారంటే ఆ తర్వాత ప్రతి లెక్కనూ రెండుసార్లు చూస్తారు. ఇప్పుడే చెబితే ఒక పూట మాటలు పడాల్సి వస్తుంది. నాకైతే రెండోదే తేలిగ్గా కనిపిస్తోంది. మీ బావ స్వభావం నాకు తెలియదు, కాబట్టి ఎప్పుడు, ఎలా అన్నది మీరే చూసుకోండి. నలుగురిలో వద్దు. ఉట్టి చేతులతో కూడా వద్దు. ముందు ఒక మూల శుభ్రం చేసి పెట్టుకుని, బండి దగ్గరికి పిలిచి, "బావా, ఈ ముక్క చూడండి, ఇలా వస్తోంది. డబ్బాలు తెచ్చిచ్చింది నేనే, వాణ్ని అనొద్దు. పెయింటర్‌ను నెల రోజులు ఆపుదాం" అనండి. శుభ్రమైన నల్ల ముక్క, మరకల ముక్క పక్కపక్కన కనిపిస్తే ఆయనే లెక్క వేసుకుంటారు.

అబ్బాయిని పిలిచి పనిలో కలుపుకోవాలా అంటే, వాడు వస్తానంటేనే. శిక్షలాగా పిలవద్దు. వస్తే పని సగం చేసి పెట్టొద్దు, మెషిన్ కూడా ఇవ్వండి. ఈసారి నీడలో, ఒక్కో డోరు చొప్పున, నల్ల అంచులకు మాస్కింగ్ టేప్ అంటించుకుని పట్టమనండి. వాడు చూసిన వీడియోల్లో ఆ టేప్ ముక్క ఎక్కడో ఉండే ఉంటుంది, దాటవేసుంటాడు.

ఇంకొకటి, మీరు అడగనిది. పాలిష్ ప్లాస్టిక్ మీదే కాదు, ప్యానెళ్ల మధ్య సీలెంట్ గీతల మీద కూడా ఎండి ఉంటుంది. అక్కడ నూనె, ఆల్కహాల్ ఏదీ వాడకుండా షాంపూ నీళ్లు, మెత్తటి బ్రష్‌తో తీయండి. తీసేటప్పుడు గీతను వేలితో తడుముతూ పోండి, ఎందుకంటే ఆ తెల్ల పొర కింద పగులు ఉన్నా కనిపించదు. మన వైపు అసలు వానలు అక్టోబరు, నవంబరుల్లో. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో పారిన నీళ్లు మీకూ గుర్తుండే ఉంటాయి. కారవాన్ గోడలోకి ఒకసారి తడి దిగితే లోపలి ప్లైవుడ్ ఉబ్బి, పడకల చెక్కపని మొత్తం విప్పాల్సి వస్తుంది. పగులు కనిపిస్తే పాత సీలెంట్ గీకించి కొత్తది పెట్టించండి. బావ డబ్బు తీయడానికి సిద్ధంగా ఉన్నారు కాబట్టి పెయింట్‌కు అనుకున్నదాంట్లో కొంత దీనికి పెట్టమని అడగండి. అది ఎవరి పొరపాటూ కాదు, బండి పాతది. చెరిసగం వేసుకోవాల్సిన ఖర్చే.